ఒక బూటు ఇక్కడ, ఒక బూటు అక్కడ

మొన్న అమెరికాలో మా దగ్గరున్న మోరిస్‌విల్ ఊరి గుడిలో మా అమ్మాయి ఒక బూటు పై అరలో, రెండోది దూరంగా కింది అరలో పెట్టింది. విడివిడిగా ఉంటే దొంగలు ఎత్తుకెళ్ళరని మా నాన్న దానికి నేర్పిన విద్య అది. చిన్నప్పుడు నాకూ ఆయనే నేర్పాడు.

నా ఏడో ఏట, అప్పుడు మేముండే క్యారీ ఊరి నుంచి రోమ్ చూడటానికి వెళ్ళాం. ఆ రోజంతా నా కాళ్ళు నేల మీద నిలవలేదు. ఫౌంటెన్ చూశాం, ఐస్‌క్రీమ్ తిన్నాం, మళ్ళీ ఆ ఫౌంటెన్ దగ్గరికే లాక్కెళ్ళాను. చివరికి కొండంత చర్చి ఒకటి కనిపించగానే అమ్మ చెయ్యి విడిపించుకుని పరుగెత్తాను. గుమ్మం దగ్గర బూట్లు, సాక్సులు విప్పి, ఒక్కో బూటు ఒక్కో స్తంభం వెనక దాచి లోపలికి దూరాను. పాలరాయి అరికాళ్ళకి ఐసులా తగిలింది. పైకప్పు నిండా బంగారు రెక్కల దేవదూతలు! తీరా కిందికి చూస్తే అందరి కాళ్ళకీ బూట్లున్నాయి.

"నాన్నా, వీళ్ళకి మన ట్రిక్ తెలీదు! షూస్ పోతాయని భయపడి వేసుకునే వచ్చేశారు!" అని అరిచాను.

చుట్టూ ఉన్నవాళ్ళు నా కాళ్ళు చూసి నవ్వారు. "ఇక్కడ విప్పక్కర్లేదమ్మా..." అని అమ్మ ఏదో చెప్పబోయింది. నాన్న ఆమెను కళ్ళతోనే ఆపి, వంగి తన బూట్లు కూడా విప్పేశాడు.

"అవున్రా, పాపం వాళ్ళకి తెలీదు," అన్నాడు.

తన బూట్లు చేత్తో పట్టుకుని చర్చంతా వట్టి కాళ్ళతో నా పక్కనే నడిచాడు. ట్రిక్ నేర్పిన నాన్నకే బూట్లు పోతాయని ఇంత భయమేమిటా అని ఆ రోజు తెగ నవ్వుకున్నాను. ఆయన భయం ఎవరి కోసమో నాకు కూతురు పుట్టాక తెలిసింది.