పరీక్ష హిందీలో రైలు కథ

హిందీ పరీక్షల్లో నాకన్నీ ఫస్ట్ క్లాసులే. చిన్నప్పుడు స్కూలయ్యాక ట్యూషన్‌కి పంపి మరీ రాయించారు ఇంట్లో. మా మాస్టారు అర్థాల జోలికి పోయేవారు కాదు. లేచి నిలబడి, గొంతెత్తి, ఎక్కడా ఆగకుండా పాఠం చదవాలి. తడబడితే మార్కు కోత. సారాంశం గైడులోంచి బట్టీ. అలా నాకు హిందీ చదవడం బ్రహ్మాండంగా వచ్చింది, అర్థం కావడం మాత్రం రాలేదు.

ఈ సంగతి ఇక్కడ అమెరికాలో, మా ఫ్రిస్కోలో ఎవరికీ తెలీదు. నోరూరుకోక పక్కింటావిడ దగ్గర డాబు కొట్టాను. ఆవిడది ఢిల్లీ. వెంటనే నన్ను తమ కథల శనివారానికి లాక్కెళ్లింది. నెలకోసారి మధ్యాహ్నం పూట క్లబ్‌హౌస్‌లో పదిమంది హిందీవాళ్లు చేరి ఒక కథ పైకి చదువుకుంటారు. నేను పులిహోర పట్టుకెళ్లి, అందరూ తలూపినప్పుడు ఊపి, అందరూ నవ్వాక ఒక క్షణం లేటుగా నవ్వి నెట్టుకొచ్చాను.

అక్కడ పెద్దదిక్కు పక్కింటావిడ అత్తగారు. ఎనభై దాటాయి, చూపు ఆనదు. దేశ విభజన గొడవల్లో ఆరేళ్ల పిల్లగా సరిహద్దు దాటి వచ్చిన మనిషి. నాతో తేలిక హిందీలో, ఇంగ్లీషు కలిపి మాట్లాడేది. ఆవిడ దగ్గర అట్ట ఊడిన కథల పుస్తకం ఒకటుంది. అందులో శరణార్థుల రైలు కథ. దారిలో ఒక స్టేషన్‌లో కూతురికి మంచినీళ్లు తెస్తానని తండ్రి చెంబు పట్టుకుని దిగుతాడు. బయట ఊరు తగలబడుతుంటుంది. రైలు కదిలిపోతుంది.

ఆ తండ్రి తిరిగొచ్చాడా లేదా అన్నది పోయేలోపు వినాలని ఆవిడ కోరిక. చూపున్న రోజుల్లో తనే ఆ పేజీ దాటలేకపోయిందట. ఇప్పుడు ఎవరు చదివినా చెంబు దగ్గరికి రాగానే ఏడుపు. కొడుకు, కోడలు, ఆఖరికి వాళ్ల ఇన్సూరెన్స్ ఏజెంటు కూడా. పుస్తకం మూసేసి, టిష్యూలు పంచి, టీ పెట్టేస్తారు. చివర ఏమైందో చెప్పమంటే "ఇప్పుడెందుకులే అమ్మా" అంటారు. మనవలకి ఆ లిపే రాదు.

ఒక శనివారం ఆవిడ నావైపు తిరిగి "నువ్వు చదువు బేటీ" అంది.

అలవాటు కొద్దీ లేచి నిలబడ్డాను. గొంతెత్తి గడగడా మొదలుపెట్టాను. చెంబు వచ్చింది, వెళ్లిపోయింది. చుట్టూ ముక్కులు ఎగబీలుస్తున్నారు. నా ఉచ్చారణకే కరిగిపోతున్నారనుకుని ఇంకాస్త స్పష్టంగా చదివాను. కామాలకి కూడా ఆగలేదు. ఆ ఊపులో చివర అచ్చువేసిన ప్రెస్సు పేరు కూడా చదివేశాను.

ఆవిడ కళ్లు మూసుకుని కూర్చుంది. నేను వంగి నెమ్మదిగా అడిగాను.

"ఆంటీజీ, ఇంతకీ ఆయన తిరిగొచ్చాడా?"

"నువ్వే కదే చదివింది!" అంటూ ఆవిడ పగలబడి నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "రాలేదు. వచ్చాడని రాసుంటే ఈ పుస్తకం చెత్తబుట్టలో పడేసేదాన్ని. మా నాన్నా రాలేదు. నీళ్లకే దిగాడు."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ పుస్తకం అడిగి ఇంటికి తెచ్చుకుని, నిఘంటువు ముందేసుకుని ఆ కథ ఒక్కో మాటా వెతుక్కున్నాను. నాలుగు వారాలు పట్టింది. అర్థం తెలుసుకుని నేను చదివిన మొదటి హిందీ పాఠం అదే.

మరుసటి నెల ఆవిడ మళ్లీ అదే కథ అడిగింది. నిలబడ్డాను. చెంబు దగ్గరికొచ్చేసరికి ఏడుపొచ్చి ఆగిపోయాను. అక్షరాలు కనిపించలేదు. ఆవిడ తడుముకుంటూ నా చెయ్యి పట్టుకుంది.

"అయ్యో, నీకూ హిందీ వచ్చేసిందా? ఇప్పుడు నాకెవరు చదువుతారు?" అంది. ఆ చెయ్యి తట్టి, "పరీక్షకి చదివినట్టే చదువు బేటీ. మార్కులు నేనేస్తాను" అంది.

కళ్లు తుడుచుకుని మళ్లీ మొదట్నుంచి అందుకున్నాను. మూడు చోట్ల ఆగాను. ఆవిడ మార్కులేమీ కొయ్యలేదు.