అండాలమ్మ, రాళ్ళగడ్డ నీళ్ళు

సకల జనుల సమ్మె మూడో వారంలో పడేసరికి అండాలమ్మ చెప్పులు అరిగిపోయాయి. బస్సులు డిపోలు దాటి రావడం లేదు. ఎల్బీనగర్ చౌరస్తాలో ఏదైనా ఆటో దొరికితే హయత్‌నగర్ దాకా ఎక్కేది, అక్కడినుంచి నడకే. పెద్ద అంబర్‌పేట్ దాటి, హైవే దిగి కిలోమీటరు లోపలికి పోతే రాళ్ళగడ్డ వస్తుంది. గుట్టను పగలగొట్టి కంకర చేసే కూలీల ఇళ్ళు అక్కడ నలభై రెండున్నాయి. ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున ఆ ఇళ్ళకు తిరిగి శుభ్రత, ఆరోగ్యం గురించి చెప్పడం ఆమె ఉద్యోగం.

దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టల దుకాణం ముందు వాచ్‌మన్‌గా కూర్చునే ఆమె భర్త మట్టయ్య, బంద్ పేరుతో ఇంట్లోనే ఉంటున్నాడు. "తెలంగాణంత సమ్మెల ఉంటే నువ్వొక్కదానివి డ్యూటీకి పోతవా?" అని రోజూ అడిగేవాడు. "రోగాలు సమ్మెల లేవు గదా" అని ఆమె సంచీ భుజానికి తగిలించుకునేది.

ఆ ఊళ్ళో ఆమె మాట చెల్లడానికి ఏడాది పట్టింది. చిట్యాల దగ్గర పల్లెలో ఏడో తరగతి చదివిన మనిషి. సంస్థ వాళ్ళిచ్చిన బొమ్మల అట్టలు పట్టుకుని మొదట్లో ఇంటింటికీ తిరిగింది. వాటి మీద తెల్లటి పింగాణీ బేసిన్, తళతళలాడే నల్లా, నురగలు కక్కే సబ్బు. ముసలి తిరుపతమ్మ ఆ బొమ్మను తిప్పి తిప్పి చూసి, "గీ ఇల్లు మాకిప్పియ్యి బిడ్డా, గట్లనే కడుక్కుంటం" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. మర్నాటి నుంచి అండాలమ్మ అట్టలు తేలేదు. వాళ్ళతో కూర్చుని ఉల్లిగడ్డలు కోసింది, పసిపిల్లలకు స్నానాలు పోసింది. అన్నం కలిపే ముందు తన చేతులు తాను కడుక్కుని, పక్కవాళ్ళ చేతుల మీద కూడా చెంబుతో నీళ్ళు పోసేది. అట్లా ఒక్కొక్క ఇంట్లో చేతులు కడిగే అలవాటు పడింది. కొన్ని ఇళ్ళలో పడలేదు.

ఆ రోజు ఆమె వెళ్ళేసరికి తిరుపతమ్మ మనుమడు దశరథ మంచంలో సోలిపోయి ఉన్నాడు. ఆరేళ్ళ వాడు, కళ్ళు లోపలికి పోయాయి. పొద్దుటి నుంచి ఎన్నిసార్లు విరేచనాలయ్యాయో లెక్కలేదు. ఆ వరుసలోనే మరో మూడిళ్ళలో వాంతులు.

"నీళ్ళు ఏడికెల్లి తెస్తున్నరవ్వా?"

"నల్లా ఏడొస్తదే! బొగ్గు లేదని కరెంటు ఎప్పుడొస్తదో ఎప్పుడు పోతదో ఎరుక లేదు. మోటరేసే ఆయన సమ్మె టెంట్ల కూసున్నడు. క్వారీ గుంతల కెల్లి ముంచుకొస్తున్నం."

గుట్ట తవ్విన గుంతలో వాన నీళ్ళు నిలిచాయి. బర్రెలు దిగేది అందులోనే. ఊళ్ళో సగం మంది చెంబు పట్టుకుని పోయేది ఆ గట్టు మీదికే.

అండాలమ్మ సంచీలో రెండే ఓఆర్‌ఎస్ పొట్లాలు మిగిలాయి. అవి పిల్లవాడికి ఉంచి, మిగతా ఇళ్ళలో నీళ్ళు మరగబెట్టించింది. లీటరు నీళ్ళకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. ఆ కొలత ఆమెకు నేర్పింది ఇంటి ఓనరు శేషారత్నం. భీమవరం నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో స్థిరపడిన రిటైర్డ్ నర్సు. "ఉప్పెక్కువైతే పిల్లాడికి ప్రమాదం అండాలమ్మా, కన్నీళ్ళ కంటే ఉప్పగా ఉండకూడదు" అని నాలుక మీద వేసి మరీ చూపించింది.

మధ్యాహ్నానికీ దశరథకు మూత్రం రాలేదు. అండాలమ్మకు భయం వేసింది. కంకర మోసే ట్రాక్టరు ఆపి, తిరుపతమ్మనూ పిల్లవాణ్నీ ఎక్కించి, తానూ ఎక్కి సర్కారు దవాఖానకు తీసుకుపోయింది. రెండు సెలైన్లు ఎక్కాక సాయంత్రం వాడు కళ్ళు తెరిచి బిస్కెట్ అడిగాడు. తిరుపతమ్మ గోడకు ఆనుకుని కూర్చుని అప్పుడు ఏడ్చింది.

మర్నాడు హైవే మీద వంటావార్పు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండుకుని, అక్కడే తిని నిరసన చెప్పాలని చుట్టుపక్కల ఊళ్ళన్నీ అనుకున్నాయి. రాళ్ళగడ్డకు పెద్దమనిషి భిక్షపతి. కూలీ రేటు కోసం క్వారీ ఓనర్లను ఎదిరించిన మనిషి, ఆయన మాటంటే ఊరికి గురి. గుంతలో నీళ్ళు రెండు డ్రమ్ముల నిండా పట్టించి, ట్రాలీ మీద రోడ్డుకు తెప్పించాడు. వాటి పక్కన గ్లాసులు పేర్చి ఉన్నాయి.

అండాలమ్మ డ్రమ్ములోకి తొంగి చూసి, "అన్నా, గీ నీళ్ళు తాగుడు ఒద్దు. నాలుగిండ్లల్ల మంచం పట్టిన్రు" అంది.

"ఇన్నొందల మంది ఒస్తున్నరు. ఇప్పుడు నీళ్ళు ఒద్దంటే ఎట్ల?"

"మరగబెడదాం. కట్టెలున్నయి, గుండిగెలున్నయి."

"వంట ఆలస్యమైతది. పేపరోళ్ళు పన్నెండుకు ఒస్తమన్నరు." ఆయన గొంతు పెరిగింది. "ఆంధ్రోళ్ళ ఇంట్ల కిరాయికుంటవ్, గందుకే మా కార్యక్రమం నీకు కంట్ల నలుసైంది."

ఆ మాటకు అండాలమ్మ ముఖం ఎర్రబడింది. మొదటి రోజు నుంచీ జై తెలంగాణ అంటున్న మనిషి ఆమె. చెప్పులు విడిచి, రెండు చేతులూ వేసి డ్రమ్మును పక్కకు నెట్టింది. కదల్లేదు. ఇంకోసారి నెట్టింది. అప్పుడు తిరుపతమ్మ వచ్చి పక్కన భుజం పెట్టింది. డ్రమ్ము ఒరిగి, నీళ్ళు రోడ్డు మీద పారాయి. నాచు, చిన్న కప్పపిల్ల, పేడ రంగు.

"నా మనుమడు నిన్న సావు అంచుల దాకా పోయొచ్చిండు భిక్షపతీ. తెలంగాణ ఒస్తే సూసేటోళ్ళు బతికుండాలె గదా!" అంది తిరుపతమ్మ.

భిక్షపతి పారిన నీళ్ళకేసి చూసి, తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు. "రెండో డ్రమ్ము గుండిగెల పొయ్యిన్రి. ముందుగాల నీళ్ళే మరగనియ్యిన్రి" అన్నాడు.

అన్నం మూడు గంటలకైంది. పేపరు వాళ్ళు వచ్చి, ఉత్త నీళ్ళ గుండిగెల ఫొటోలు తీసుకుని వెళ్ళిపోయారు. ఎండలో గోరువెచ్చని నీళ్ళు తాగలేక జనం సణిగారు. అండాలమ్మ వరుస మొదట్లో నిలబడి ఒక్కొక్కరి చేతుల మీద నీళ్ళు పోసింది. భిక్షపతి అందరికంటే చివర వచ్చి చేతులు చాపాడు.

వారం తిరక్కుండానే ఆయన మోటరు దగ్గర వంతుల వారీగా మనిషిని కూర్చోబెట్టాడు. ఎప్పుడు కరెంటు వస్తే అప్పుడు స్విచ్ వేసేవారు. ఆ తర్వాత కొత్తగా జబ్బు పడింది ఇద్దరే. సమ్మె ముగిసి బస్సులు కదిలాక సంస్థ మరుగుదొడ్ల పని మొదలుపెట్టింది. మొదటి గుంత భిక్షపతి తన పెరట్లోనే తవ్వాడు. రాళ్ళ నేల కావడంతో పని నడిచీ నడవనట్టు దాదాపు మూడేళ్ళు సాగింది.

తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన జూన్ రెండున ఊరంతా పటాకులు కాలుస్తుంటే, అండాలమ్మ అంతయ్య ఇంటి వెనక నడుముకు చేతులు పెట్టుకుని నిలబడింది. డెబ్బై ఏళ్ళ అంతయ్య కొత్త మరుగుదొడ్డి నిండా కట్టెలు పేర్చుకున్నాడు.

"ఏంది తాతా ఇది?"

"వాన మొదలైతే తడుస్తయి బిడ్డా. ఇంత మంచి అర్ర మా ఇంట్ల ఇంకోటి లేదు."

"తీస్తవా, నన్ను తియ్యమంటవా?"

"ఇయ్యాళ పండుగ రోజు గూడ నన్ను ఇడువవా?" అంటూనే ఆయన లడ్డూ ఒకటి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని కొంగున ముడేసుకుని, కట్టెలు ఒక్కొక్కటీ బయటికి అందించడం మొదలుపెట్టింది. సగం అయ్యాక అంతయ్య కూడా వంగాడు.