ఇంజనుకి పెట్టిన బొట్టు

పోయిన వారం మా పెద్దాడి కారులో భోగాపురం వైపు నుంచి ఇంటికొస్తూంటే, కొత్త రోడ్డు మీద మెత్తగా పోతున్న బండి కాస్తా సన్నగా వణకడం మొదలెట్టింది. మావాడింకా గమనించలేదు గాని, ఒళ్ళో ఉన్న నా చెయ్యి దానంతటదే తొడమీద తాళం వేసి, నాలుగు దెబ్బల్లో ఒకటి పడటం లేదని పట్టేసింది. కాసేపటికి వాడి ఎదురుగా పసుపురంగు దీపం వెలిగింది. వాడు బండి పక్కకి ఆపి, స్టీరింగు కింద ఏదో బుల్లి పరికరం గుచ్చి, ఫోనులో చూసుకుని, ఒక సిలిండరు సరిగా పనిచెయ్యటం లేదమ్మా, రేపు చూపిద్దాం అని మళ్ళీ నెమ్మదిగా పోనిచ్చాడు. అంతే. ఎవరూ కిందకి దిగలేదు, ఎవరూ వెనకనుంచి తొయ్యలేదు. నాకు మాత్రం చెవులు వేడెక్కిపోయాయి. మీలో నా ఈడు వాళ్ళకి, పాత పెట్రోలు కార్లలో చుట్టాలతో బయల్దేరి నడిదారిలో నిలబడ్డ వాళ్ళకి, ఆ వేడి ఎందుకో చెబితే తెలుస్తుంది.

మా నాన్న విజయనగరంలో గుడి మేళంలో డోలు వాయించేవారు. మగపిల్లలు లేకపోవడంతో ఇంట్లో సాధన చేసేటప్పుడు తాళాలు నా చేతికిచ్చేవారు, దెబ్బ తప్పితే తొడమీద చురక పడేది, ఆ చురకల పుణ్యమే ఇప్పటికీ నా చెయ్యి ఊరుకోదు. నన్ను ఆయన సొంత అక్క కొడుక్కే ఇచ్చారు. మా మేనత్తది నరసన్నపేట దగ్గర పల్లె, ఇంటినిండా వరి, గాదెనిండా ధాన్యం, కాని మా ఆయనకి కాళ్ళకి బురద అంటడం ఇష్టం ఉండేది కాదు. ఎవరో వాడి వదిలేసిన పాత కారొకటి కొని బాడుగకి తిప్పేవాడు. డోలు ఇంట్లో పుట్టిన పిల్లని డ్రైవరుకిచ్చారని మా వైపు వాళ్ళు చెవులు కొరుక్కున్నారని నాకు తెలుసు, అందుకే ఆ కారు ఎక్కడికెళ్ళినా అది మర్యాదగా నడవాలని ఆయనకంటే నేనే ఎక్కువ కోరుకునేదాన్ని.

మా మేనత్త సంగతి చెప్పాలి. ఆ ఇంటికి ఆవిడే మహారాణి. ఎవర్నీ ఏదీ అడగడం ఎరగదు, అన్నిటిమీదా చెయ్యి వెయ్యడమే. గుడి ఇంటినుంచి వచ్చిన మనిషి కదా, పండగొచ్చిందంటే గడపకి, రోలుకి, నాగలికి, బియ్యపు డబ్బాకి, చివరికి రేడియోకి కూడా పసుపురాసి బొట్టుపెట్టేది. ఆ ఏడు దసరాకి మా ఆయన ఆయుధ పూజని, కారు బోనెట్టు ఎత్తి, సామాన్లన్నీ తుడిచి వాకిట్లో పరిచి, స్నానానికి వెళ్ళాడు. ఆవిడ పళ్ళెంతో వచ్చి స్పానర్లకి, జాకీకి, టైర్లకి, ఏదీ తక్కువచెయ్యకుండా పెట్టేసి వెళ్ళింది. నేను పక్కనే ముగ్గు వేస్తున్నాను, ముచ్చటగానే ఉంది అనుకున్నాను.

కార్తీకంలో మా చెల్లికి సంబంధం కుదిరింది. శ్రీకాకుళం వాళ్ళు, వాళ్ళదీ సన్నాయి ఇల్లే గాని కుర్రాడికి ఆఫీసులో ఉద్యోగం. తాంబూలాలు విజయనగరంలో మా పుట్టింట్లో, మధ్యాహ్నం వర్జ్యం రాకముందే పుచ్చుకోవాలి. మీరు బస్సుల్లో పడి రానక్కర్లేదు, మా అల్లుడు కారు తెస్తాడు అని నాన్న గొప్పగా కబురుపెట్టారు. కుర్రాడి తల్లికి శకునాల పట్టింపు జాస్తి అని, పిల్లి ఎదురొచ్చిందని ఒక సంబంధం వదులుకున్నారని కూడా అప్పటికే విన్నాం.

తుపాను ముసురు పట్టిన పొద్దున నేను, మా ఆయన, మేనత్త శ్రీకాకుళం వెళ్ళి, కుర్రాడి తల్లిదండ్రుల్ని ఎక్కించుకుని నాగావళి వంతెన దాటాం. కాస్త దూరం బాగానే వెళ్ళింది. ఆ తర్వాత మొదలైంది కుదుపు. బండి కుంటివాడిలా ముందుకి వెనక్కి ఊగుతూ, ఎంత తొక్కినా ఊపందుకోక, చిన్న మిట్ట వచ్చినా మూలుగుతూ ఎక్కింది. కొబ్బరికాయల బస్తా కట్టుకున్న ఒక సైకిలాయన మమ్మల్ని దాటి ముందుకెళ్ళి, వెనక్కి తిరిగి మరీ చూశాడు. కుర్రాడి తండ్రి మర్యాదకి కిటికీలోంచి చేలవైపు చూస్తూ కూర్చున్నారు. నాకా మర్యాదే ప్రాణాంతకంగా ఉంది.

రణస్థలం దగ్గర్లో బండి పూర్తిగా ఆగింది. అందరూ దిగారు. మా ఆయన పెట్రోల్లో నలక అనుకుని, గొట్టం ఊడదీసి నోటితో ఊది, పెట్రోలు తుపుక్కున ఉమ్మి, మళ్ళీ బిగించి, తోస్తే గాని స్టార్టు కాదన్నాడు. జరీ కండువా భుజాన వేసుకున్న వియ్యంకుడు బురదలో నిలబడి మా కారు తోశారు. మా నాన్న కారు పంపిస్తానన్నది ఈయనకే కదా అనుకుంటే నాకు నేల చీలితే బాగుండుననిపించింది.

స్టార్టయితే అయింది గాని కుదుపు పోలేదు. ఇక ప్లగ్గుల వైర్లు ఒక్కొక్కటీ తీసి చూడాలి, ఎవరో ఒకరు లోపల కూర్చుని ఏక్సిలేటరు తొక్కిపట్టాలి. మా ఆయన నావైపు చూశాడు. పట్టుచీరతో, తలనిండా పూలతో, కాబోయే వియ్యాలవారు గొడుగు కింద నిలబడి చూస్తుండగా నేను డ్రైవరు సీట్లో కూర్చున్నాను. బోనెట్టు లేచి ఉంది కాబట్టి నాకేమీ కనబడదు, వినబడటమే. ఆయన చేతికి పొడి తువ్వాలు చుట్టుకుని మొదటి వైరు లాగాడు, ఇంజను మరింత కుంటింది. పెట్టేసి రెండోది లాగాడు. నా చెయ్యి స్టీరింగు మీద తాళం వేస్తూనే ఉంది, దెబ్బ మారలేదు, పనిచేసే వైరు తీస్తే మారాలి, ఇది తీసినా పెట్టినా ఒకటే.

"ఏటే, తేడా ఉన్నాదా?" అని ముందునుంచి ఆయన కేక.

మొగుడితో నడిరోడ్డుమీద ఇంజను గురించి కేకలేసే పిల్ల అక్క అయితే, చెల్లెలు ఎలాంటిదో అని కుర్రాడి తల్లి అనుకోదూ? ఆయన మళ్ళీ అరిచాడు. చివరికి కిటికీలోంచి తల బయటపెట్టి, "నేదు బావా, అదే సచ్చిపోయింది" అన్నాను. శుభకార్యానికెళ్తూ ఆ మాట వాడినందుకు ఆవిడ చెవులు మూసుకుంది.

ఆ ప్లగ్గు తీసి తుడిచాడు, కొత్తది వేశాడు, అయినా అంతే. ప్లగ్గు మంచిదే అయితే దానికి కరెంటు అందటం లేదన్నమాట. నాలుగు ప్లగ్గులకీ కరెంటు పంచే నల్లటి గుండ్రటి మూత ఒకటుంటుంది, అది విప్పి తిరగేశాడు. అందరం వంగి చూశాం. లోపల, ఒక ఇత్తడి మొన పక్కన, పసుపు రాసి దానిమీద గుండ్రంగా కుంకుమబొట్టు. దసరానాడు విప్పి ఉన్న ఆ మూతలోనూ మా మేనత్త బొట్టు పెట్టింది. ఎండినన్నాళ్ళూ ఊరుకున్నది, ముసురుకి చెమ్మపట్టి, నిప్పురవ్వ దారి మళ్ళించేసింది. ఆయనేమో చూడకుండా బిగించేశాడు.

ఆయన తువ్వాలు తీశాడు. అప్పుడు కుర్రాడి తల్లి గొడుగు కిందనుంచే, "ఆగు బాబూ, తాంబూలాలకి ఎల్తా కుంకం తుడుస్తారేటి?" అంది. ఆయన చెయ్యి ఆగిపోయింది. తుడిస్తే సంబంధం పోయినట్టే, తుడవకపోతే బండి కదలదు, వర్జ్యం దగ్గర పడుతోంది.

మా మేనత్త ముందుకొచ్చింది. ఎప్పుడూ నిటారుగా నడిచే మనిషి, ఎవరి మొహమూ చూడకుండా వచ్చి, మూత కొడుకు చేతిలోంచి తీసుకుని, "నానెట్టినాను, నానే తీస్తాను" అంది. గోటితో ఆ కుంకుమంతా జాగ్రత్తగా తీసి తన పాపిట్లో పెట్టుకుంది, మిగిలిన పసుపు తన పుస్తెలకి రాసుకుంది, ఆఖరున చీర చెంగుతో మూత పొడిగా వత్తి ఇచ్చింది. తుడిచింది ఏమీ లేదు. కుర్రాడి తల్లి తలాడించి కారెక్కింది. ఇంజను నాలుగు దెబ్బలూ సరిగ్గా పడుతూ మోగింది, వేళకే చేరాం, చెల్లి పెళ్ళి కూడా బాగానే జరిగింది.

కాని ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర కుర్రాడి తల్లే ఈ కథంతా అభినయం చేసి మరీ చెప్పింది. మా అక్క ఇంజనుకి కూడా పేరంటం చేసిందన్నమాట అని మా నాన్న అనేసరికి పందిరంతా నవ్వింది. మేనత్తా నవ్వింది, నోటికి చెంగు అడ్డంపెట్టుకుని. విస్తరిలోంచి తలెత్తలేకపోయాను నేను.

మరుసటి దసరాకి మా ఆయన మళ్ళీ వాకిట్లో సామాన్లు పరిచాడు. ఆవిడ పళ్ళెం పట్టుకుని గుమ్మంలోనే నిలబడింది. ఆ తర్వాత మెల్లగా, "ఒరే, ఎక్కడెట్టమంతావు?" అని అడిగింది. ఎవర్నీ ఏదీ అడిగి ఎరగని మనిషి నోట ఆ మాట వినగానే, నేను రోడ్డుమీద పడ్డ సిగ్గంతా దీనిముందు ఏపాటిది అనిపించింది.

ఇప్పుడు నేనూ ఆవిడ వయసుకొచ్చాను. మా కోడలు మంచి పిల్ల, ఏ వస్తువు దేనికో, ఎక్కడ తాకాలో ఎక్కడ తాకకూడదో ఓపిగ్గా చెబుతుంది, నేనూ అడిగే తాకుతాను, అడగడం నాకు అలవాటైపోయింది. పళ్ళెం పట్టుకుని దర్జాగా వచ్చి, ఇంట్లో ఉన్నదంతా నాదే కదా అని చేతికందిన ప్రతిదానికీ బొట్టు పెట్టేసే ఆడమనిషి మాత్రం మా ఇళ్ళలో మళ్ళీ పుట్టలేదు.