ఏ తండా వాల్యా?

హిమజకు మొండితనం ఎక్కువ. మొండితనం మంచిదే అనుకోండి, కాకపోతే ఒకసారి ఒక ప్రాణం మీదికి తెచ్చింది.

జనగామలో కిరాణా టోకు వ్యాపారి నర్సింగరావు కూతురామె. హైదరాబాదులో వెబ్‌సైట్లు చేసే ఆఫీసులో తన మాటతీరును వెక్కిరిస్తే, ఉద్యోగం వాళ్ల మొహాన కొట్టి వచ్చి, దుకాణం వెనక గదిలో కంప్యూటర్ పెట్టుకుంది. ఎవరైనా ఉచితంగా తీసుకుని మార్చుకోగలిగిన జూమ్లా అనే సాఫ్ట్‌వేర్‌తో రక్తదాతల సైట్ తయారుచేసింది. ఇంగ్లిష్ బటన్లు తీసేసి "గిక్కడ నొక్కుండ్రి" అని రాసింది. లంబాడీ తండాల్లో ఒకే పేరు పదిమందికి ఉంటుంది, అందరి దగ్గరా ఫోన్ ఉండదు. అందుకని "ఏ తండా? ఎవరి ఫోన్‌కు చెప్పాలె?" అని సొంతంగా ఒక గడి చేర్చింది. అలాంటి మార్పులు విడి ఫైళ్లలో రాసిపెట్టుకోవాలి. ఈవిడగారు నేరుగా జూమ్లా అసలు ఫైళ్లలోనే రాసేసింది. అడిగేవాళ్లెవరని ధీమా!

2011, సకల జనుల సమ్మె. భూపాలపల్లి బొగ్గుబాయిల్లో పని ఆగింది, బస్సులు ఆగాయి. కరెంటు రోజూ మధ్యాహ్నం రెండింటికి పోతే ఎప్పుడొస్తుందో దేవుడికెరుక. జూమ్లా పాత వెర్షన్‌లోకి ఎవరెవరో చొరబడుతున్నారని ఆ పొద్దున్నే హిమజ కొత్త వెర్షన్ ఎక్కించింది. ఒంటిగంటన్నరకు, సైట్‌లో నంబరు ఇచ్చిన ఆమె ఫోన్ మోగింది.

"అక్కా, నా పేరు వెంకట్. గార్ల దిక్కు నుంచి మానుకోట దవాఖానకు వచ్చినం. నా భార్య మోతీబాయికి కాన్పు కష్టమైంది. ఓ నెగెటివ్ రక్తం గావాలంటున్నరు. జర చూడక్కా."

వెతికితే ఒకే పేరు వచ్చింది. వాల్యా, గార్ల మండలం. అంతే. తండా లేదు, ఫోన్ లేదు. కొత్త ఫైళ్లు వచ్చి పాతవాటిని చెరిపేశాయి, ఆమె చేర్చిన గడి కూడా వాటితోపాటే పోయింది.

"వాల్యా అని ఒకాయన ఉన్నడన్నా, మీ గార్ల దిక్కే."

"ఏ తండా వాల్యా అక్కా? మా దిక్కు తండాకో వాల్యా ఉంటడు."

"ఫోన్ పెట్టకన్నా, చూస్తున్న."

అయినా, కనబడే పేజీ పోయిందేగాని జనం నింపిన వివరాలు వేరేగా డేటాబేస్‌లో ఉండాలి కదా. దాన్ని తెరుస్తుండగానే కరెంటు పోయింది. పావుగంట ముందే! పాత యూపీఎస్ కీచుకీచుమని అరుస్తోంది, నెట్ కూడా దానిమీదే నడవాలి. వరుసలు దించుతూ పోయింది. వాల్యా, రూప్లా తండా, పోశాలు హోటల్ ఫోన్. నంబరు అరచేతిలో రాసుకుంటుంటే ఆరో అంకె దగ్గర తెర నల్లబడింది.

"అన్నా, నంబరు సగమే దొరికింది. రూప్లా తండా."

"గది మా పక్క తండానేనక్కా. మా తమ్మునికి చెప్త, బండి మీద తోలుకొస్తడు."

హిమజ గడప మీద కూలబడింది. వాల్యా ఇంట్లో లేకపోతే? ఏ ధర్నాలోనో కూర్చుంటే? నాయిన అన్నానికి పిలిచినా లేవలేదు. తనను తాను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయలేను.

ఐదింటికి వెంకట్ ఫోన్ చేశాడు. "ఆడపిల్ల అక్కా. ఇద్దరు మంచిగున్నరు."

దాపరికం ఎందుకు, హిమజ బాగా ఏడ్చింది.

"నా పేరు గూడ రాసుకోక్కా. నాది బి పాజిటివ్."

"రాసుకుంటనన్నా. వెంకట్, గార్ల మండలం."

"తండా అడగవేందక్కా?"

కరెంటు ఇంకా రాలేదు, ఆ గడీ ఇంకా లేదు. హిమజ అరచేతిలో ఆ ఆరు అంకెల కింద జాగా చూసుకుని పెన్ను తీసింది.

"చెప్పన్నా."