స్పెయిన్ దయ్యాలకు తెలుగు గొంతు

మన తెలుగువాళ్ళు కంప్యూటర్ల కోసం సింగపూర్‌లో దిగుతున్న రోజుల్లో నేనూ దిగాను. వాళ్ళ చేతుల్లో సర్టిఫికెట్లు, నా చేతిలో గ్రైండింగ్ మిషన్. ఏడో తరగతిలోనే బడికి నేనంటే విరక్తి పుట్టింది మరి. తువాస్‌లో ఓడలు బాగుచేసే యార్డు, పక్కనే డార్మిటరీ. గదిలో పన్నెండు మందిమి, అందరం శ్రీకాకుళం వైపు వాళ్ళమే.

గుడిలో ప్రసాదం లైన్లో పరిచయమైన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఒకాయన జురాంగ్ ఈస్ట్‌లో ఉండేవాడు. ఆయనకు పాత స్పెయిన్ దయ్యాల సినిమాలంటే పిచ్చి. డెబ్బైల నాటివి. ఇంట్లో ఆవిడ చూడనివ్వదని, ఆదివారాలు సీడీలు పట్టుకుని మా గదికొచ్చేవాడు. ఇంటి దగ్గరున్న ఒక్క ఆవిడకంటే తెరమీది వంద దయ్యాలు నయమట.

కింద అక్షరాలు కూడా పడవు. ఎవడికీ ముక్క అర్థం కాదు. ఎవరి గొంతైనా అనుకరిస్తానని టీవీ పక్కన నన్ను కూర్చోబెట్టారు. తోడేలుగా మారే దొరకీ, శవాలను కుట్టే డాక్టరుకీ, కొవ్వొత్తి పట్టుకుని నేలమాళిగలోకి దిగే పిల్లకీ తెలుగు నేనే.

"ఏటి బావా, ఆ పిల్ల ఒక్కర్తీ సీకట్లోకి దిగిపోతంది?" అనేవాడు రెండంతస్తుల మంచంలో నా కింది మంచం వాడు.

"ఫ్యూజు పోయింది బావా. లైన్‌మేన్ పెళ్ళికెళ్ళాడు."

గది గొల్లుమనేది. కానీ ఆ సినిమాలు నవ్వించేవి కావు. పొగమంచు, కూలిన మఠాలు, ఎర్ర రంగులాంటి రక్తం. మన దయ్యమైతే ఆంజనేయస్వామి పటం చూసి పరిగెడుతుంది. అక్కడి దయ్యం శిలువ చూసి కాసేపు ఆగి, మళ్ళీ వస్తుంది. ఆఖరికి మంచివాడు కూడా మిగలడు.

"అప్పుడక్కడ నియంత పాలన," అని చెప్పాడు సాఫ్ట్‌వేర్ ఆయన. "మా దేశంలో ఇలాంటి ఘోరాలు జరుగుతాయా అని సెన్సారు వాళ్ళు పట్టుకుంటారని, కథను ఏ పరాయి దేశంలోనో పెట్టేసేవాళ్ళు. చాలామంది నటులకు గొంతులు కూడా వేరేవాళ్ళవే."

"మనం ఇంటికి ఫోన్ సేసి సెప్పేదీ అదే కదేటి, ఇక్కడ ఏ ఘోరమూ జరగదని," అన్నాడు కింది మంచం వాడు.

వాడి గొంతు కూడా అనుకరించేవాణ్ణి నేను. ముందు చిన్న దగ్గు, ఆ తర్వాత "అది కాదే..." అని సాగదీయడం. వాళ్ళావిడతో మాట్లాడుతున్నట్టే ఉందని అందరికంటే వాడే ఎక్కువ నవ్వేవాడు.

ఒక బుధవారం ఓడ ట్యాంకులో పెయింటు ఆవిర్లకు నిప్పంటుకుంది. లోపలున్నది వాడు. ఆసుపత్రిలో గొంతులోకి గొట్టం వేసే ముందు బొంగురుగా అన్నాడు: "ఆదివారం మా ఇంటిది ఊళ్ళో ఫోన్ బూత్ కాడికొస్తాది. నువ్వు మాటాడు బావా, నాలాగే. లేచినాక నేనే సెప్పుకుంటాను."

ఇంటికి తెలియజేయాలన్నారు కంపెనీ వాళ్ళు. నేను చెప్తానన్నాను.

ఆదివారం పది గంటలకి ఫోన్ చేశాను. చిన్న దగ్గు. "అది కాదే..." లైన్లో కరకరలు నాకు సాయం చేశాయి. జలుబు చేసిందా అని అడిగింది. అవునన్నాను. రెండో ఆదివారం ఆమె గొంతు పట్టలేనంత సంతోషంగా ఉంది. పాప నడిచిందట, గడపదాకా నాలుగడుగులు. "ఓసి దీన్తస్సాదియ్యా!" అన్నాను, వాడు అనేట్టే. మూడో ఆదివారం కూడా మాట్లాడాను. శుక్రవారం వాడు పోయాడు.

శనివారం ఉదయం బూత్‌కి ఫోన్ చేసి ఆమెను పిలిపించాను. నేను ఫలానా అని చెప్పి, అంతా చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. తిడితే బాగుణ్ణనుకున్నాను.

"అన్నయ్యా, ఆయన మాట ఆఖరుగా నేను విన్నది ఏ ఆదివారం?"

చెప్పాను.

"పాప నడిచిందని సెప్పినప్పుడు?"

"నేనేనమ్మా."

"మూడు వారాలు నవ్వుకుంటూ తిరిగేనన్నయ్యా. పూలెట్టుకుని బూత్‌కి వొచ్చేను." మళ్ళీ అడిగింది. "పాప నడిచిన మాట ఆయనకి సెప్పేవా?"

"ఆ సాయంత్రమే వెళ్ళి చెవి దగ్గర చెప్పాను."

"ఏటన్నాడు?"

మొహమంతా కట్లు. ఊపిరి మిషనుది. వాడు నవ్వాడనో, కళ్ళు తడయ్యాయనో అనడం నాకెంత పని? నోటిదాకా వచ్చింది కూడా.

"ఏమీ అనలేదమ్మా. విన్నాడో లేదో కూడా నాకు తెలీదు."

ఆమె ఫోన్ పెట్టేయలేదు. వెనక బూత్ అతను ఎవర్నో ఆగమంటున్నాడు.

"బుధవారం నుంచి సెప్పన్నయ్యా," అంది. "ఏదీ దాయకు."

ట్యాంకు దగ్గర్నుంచి మొదలుపెట్టాను.