శెనక్కాయ పూల అంచు

కళ్యాణదుర్గం బస్టాండు దగ్గర మా ఆయనకు ఫ్లెక్సీల కొట్టు ఉండేది. ఉండేది అంటున్నాను గానీ కొట్టు ఇప్పటికీ ఉంది, ఆయనే లేడు. పెళ్ళి కానీ, చావు కానీ, ఏ ఫ్లెక్సీ చేసినా చుట్టూ అంచుకు శెనక్కాయ పూలు వేసేవాడు. వేరుశెనగ చేలో పూసే పసుపుపచ్చని చిన్న పూలు, ఆకుల మధ్య. తక్కిన కొట్లవాళ్ళు గులాబీలు పెట్టుకుంటే ఈయన చేను తెచ్చి పెట్టాడు.

"ఏమప్పా, చేన్లో పూయనివి నీ కంప్యూటర్లో పూస్తాండాయే!" అని రైతులు ఎగతాళి చేసేవాళ్ళు.

"నా చేనికి కరెంటుంటే చాలన్నా, వాన అక్కర్లా" అనేవాడు.

గుండె ఆగి పోయాడు. ఆ తర్వాత కొన్నాళ్ళకే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌కు ఏడాది డబ్బు కట్టాల్సి వచ్చింది. పంటలు ఎండి పెళ్ళిళ్ళు తగ్గిన రోజులవి. అది కడితే కొట్టు బాడుగకు లేదు. మూసేద్దామనుకుంటే, డిగ్రీ చదువుతున్న మా పాప అడ్డం పడింది.

"ఊరికే దొరికేది ఇంకొకటి ఉండాదిమా. ఏమీ కట్టే పన్లేదు."

"ఊరికే ఎవురిస్తారే? రేపొచ్చి అడగరూ?"

"అడగరు. పదిమంది కలిసి చేసి అందరికీ ఇడిసిపెట్టినారు, ఊరి బోరింగు మాదిరి."

కొట్టు నిలబడింది. పాప అక్షరాలు కొడుతుంది. చదువు రాని నేను మౌసు పట్టుకుని ఫోటోలు అతికిస్తాను. కానీ ఆయన చేసిన ఫైళ్ళు ఈ కొత్తదాంట్లో ఒక్కటీ తెరుచుకోలేదు. అచ్చుకు పంపిన బొమ్మల్నేమో, కంప్యూటర్లో జాగా చాలదని ఆయనే ఎప్పటికప్పుడు తుడిపేసేవాడు. పూలన్నీ లోపలే ఉన్నాయి, తీసే దారి లేదు.

ఆయన పోయి ఏడాది దగ్గరపడింది. ఊరందరికీ ఆ పూలు పెట్టిన మనిషి ఫ్లెక్సీకి గులాబీలు పెట్టడానికి నాకు చెయ్యి రాలేదు.

అప్పుడు గుర్తొచ్చింది. మా వైపు ఫ్లెక్సీని ఎవరూ పారేయరు. పని అయిపోతే గడ్డివామి మీదికో, దొడ్డి మీదికో కప్పుతారు. ముదిగుబ్బ దగ్గర మా చిన్నాయన గొర్రెల దొడ్డి మీద, చిన్నాయన కొడుకు పెళ్ళికి మా ఆయన చేసిన ఫ్లెక్సీ ఉండాలి. బస్సెక్కి పోయాను.

ఉంది. ఎండకు పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు తెల్లగా సున్నం కొట్టినట్టయ్యారు. అంచు మీద బరువుకు పెట్టిన రాళ్ళు ఒక్కొక్కటే తీశాను. ఒక రాయి కింద, మడతలో, ఇన్ని పూలు పచ్చగా ఉన్నాయి. ఫోన్ తీసి వాటిని ఫోటో తీసుకున్నాను.

"ఏం అమ్మీ, మనుషుల్ని పలకరియ్యకుండా పైకప్పు ఫోటో తీస్తాండావు?" అన్నాడు చిన్నాయన.

"దీని అంచు కావాల చిన్నాయనా."

చిన్నాయన తుండుతో ఆ పూల మీది దుమ్ము తుడిచాడు.

ఆ ఫోటో చూసి, ఊరికే వచ్చిన సాఫ్ట్‌వేర్‌లో నేనే గీశాను. పాప గీస్తానంటే ఇవ్వలేదు. నా పూలు కొంచెం వంకరగా వచ్చాయి. ఆయనవి గాలికి ఊగుతున్నట్టుండేవి, నావి వాడినట్టున్నాయి. ఎంత దిద్దినా అంతే.

ఏడాది రోజు, ఆ అంచు పెట్టిన ఆయన ఫ్లెక్సీని ఇంటి ముందు కట్టాం. అన్నాలు తిని అందరూ వెళ్ళిపోతుంటే చిన్నాయన నసిగాడు.

"అమ్మీ, ఏమనుకోవాకు. దొడ్డి మీది గుడ్డ సినిగిపోయింది. ఇది కొత్తది గదా..."

పాప కళ్ళెర్ర చేసింది. "మా నాయన్ని గొర్రెల మీద కప్పుతావా తాతా?"

నేనే లేచి తాళ్ళు విప్పాను. పాత సాఫ్ట్‌వేర్‌లో మూతబడిపోయిన పూలకంటే ఇదే నయమనిపించింది.

"మొగం పైకి పెట్టాకు చిన్నాయనా, ఎండకు పోతాది. లోపలికి పెట్టు."

"లోపల గొర్రెలే గదమ్మీ సూసేది?"

"సూడనీ. పూలైనా నిలబడతాయి."