నల్ల అంచు కవరు

"కడుపుతో ఉన్నదానివి, అందమైనవి చూడాలి గానీ ఈ అవకరాలేమిటే అమ్మాయ్?"

నేను భూతద్దం చేతిలోకి తీసుకున్నప్పుడల్లా అత్తయ్య అనే మాట అది. ఆవిడన్నది అబద్ధమేమీ కాదు. నేను చూసేవి నిజంగా అవకరాలే. ఆస్ట్రేలియా వాళ్ళ పాత స్టాంపులు, రాజుగారి పక్కముఖం ఉన్న ఎర్రటి పెన్నీ తపాలా బిళ్ళలు. వాటిల్లో చక్కగా అచ్చయినవి నాకక్కర్లేదు. అచ్చుపలక మీద ఎక్కడో చిన్న గాటు పడితే, ఆ పలక నుంచి వచ్చే ప్రతి షీటులోనూ అదే చోట ఉన్న బిళ్ళకి అదే మచ్చ వస్తుంది. కొన్నాళ్ళకి ఎవరో గమనించి పలకని సరిచేస్తారు. ఆ మచ్చ ఎప్పుడు పుట్టింది, ఎప్పుడు పోయింది అన్నది పట్టుకోవడమే నా సరదా. పిచ్చి పలు రకాలంటారు కదా, నాది ఈ రకం.

ఆఫీసులోనూ అదే బతుకు. మాదాపూర్ బండల మధ్య కొత్తగా లేచిన అద్దాల భవనంలో కూర్చుని, ఎవరో ఎప్పుడో సంవత్సరానికి రెండంకెలే రాసి వదిలేసిన ప్రోగ్రాముల్లో తప్పులు ఏరేదాన్ని. రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తికమకపడతాయని అప్పట్లో లోకమంతా పరేషాన్. తప్పులు వెతకడానికి జీతమిస్తున్నారు, ఇంటికొచ్చి ఊరికే వెతుకుతాను, తేడా అంతే అని మా ఆయన ఏడిపించేవారు.

మేము ఖాజాగూడలో అద్దెకుండేవాళ్ళం. అత్తయ్య భీమవరం నుంచి వచ్చింది నాకోసమే. అంతకుముందు ఏడాది అయిదో నెలలో నాకు కడుపు పోయింది. మళ్ళీ అయిదో నెల వచ్చేసరికి ఆవిడ పెట్టే బేడా సర్దుకుని దిగిపోయారు. మెట్టు దిగితే "చూసుకో", దగ్గితే "ఏమైంది". నాకు చిరాకెత్తేది. ఆ చిరాకు కింద నాకూ అదే భయం ఉండేది. పైకి మాత్రం చదువుకున్నదాన్ని కదా, ఒప్పుకునేదాన్ని కాదు.

అప్పట్లో నా దగ్గరికొచ్చిన ఒక పాత పోస్టు కవరు గోపన్‌పల్లిలో ఉండే సార్‌ది. రిటైరైన లెక్చరర్. సిటీలో స్టాంపుల క్లబ్బులో పరిచయం. మహా కోపిష్టి. తన కవరు మీద ఎవరో పెద్దమనిషి బొటనవేలు ఆనించాడని నిండు సభలో అతన్ని దులిపేశారు. అలాంటి మనిషి ఆ కవరు నాకు ఎరువిచ్చారు. దాని మీది బిళ్ళలో రాజుగారి మెడ మీద గుండుసూది మొనంత తెల్ల చుక్క ఉంది. నా దగ్గరున్న విడి బిళ్ళ మీదా అదే చుక్క. అయితే నా బిళ్ళ మీద ముద్ర సగమే పడింది, తేదీ లేదు. సార్ కవరు మీద పోస్టు ముద్ర తేదీతో సహా పూర్తిగా ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకొమ్మన్నారు. "శనివారం సాయంత్రం వచ్చి పట్టుకపోత. సోమవారం ఎగ్జిబిషన్ల వెట్టాలె. జర పైలం బిడ్డా," అన్నారు.

శనివారం మధ్యాహ్నం కాస్త కునుకు తీసి లేచి, కవరు దాచిన పుస్తకం తెరిస్తే అందులో అది లేదు.

పుస్తకం దులిపాను. అలమరంతా వెతికాను. "అత్తయ్యా, ఇందులో ఒక కవరు ఉండాలి, చూశారా?"

ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నారు. మొహం పాలిపోయి ఉంది. "అది ఇంట్లో ఎందుకు పెట్టావే?" అన్నారు.

అప్పుడు వెలిగింది నాకు. ఆ కవరు నాలుగు అంచులూ నల్లగా ఉంటాయి. ఆ స్టాంపుల కాలంలో చావు కబురు రాసేవాళ్ళు అలాంటి కవర్లే వాడేవారు. నేను రాజుగారి మెడ మీది చుక్క చూశాను, సార్ ముద్ర మీది తేదీ చూశారు. పావంగుళం వెడల్పున ఉన్న నలుపు మా ఇద్దరికీ కనపడనే లేదు. అలమర దులుపుతూ ఆవిడకి ముందు కనపడింది అదే.

"చింపేశారా?" అన్నాను. మావైపు చావు కబురు వచ్చిన ఉత్తరాన్ని బయటే నిలబడి చదివి, అక్కడికక్కడే చింపేస్తారు. గడప దాటనివ్వరు.

"ఎలా చింపను? లోపల ఉత్తరమే లేదు. పోయిందెవరో చదవకుండా చింపితే, ఆ కబురు ఎవరిదీ కాకుండా మనింట్లోనే ఉండిపోతుంది." ఆవిడ గేటు వైపు చూపించారు. "బయట పెట్టాను."

గేటు అవతల పెద్ద బండ ఉంది. దాని మీద కవరు, కవరు మీద ఒక రాయి. వంటింటి పట్టకారుతో పట్టుకుని తీసుకెళ్ళారట. స్టాంపుల వాళ్ళం మేమూ చేత్తో ముట్టుకోం, చిన్న పట్టకారుతోనే పట్టుకుంటాం. ఇంకో రోజైతే నవ్వేదాన్ని. అప్పుడు మాత్రం కొండల వెనక నుంచి మబ్బు కమ్ముకొస్తోంది. చెరువు మీది గాలికి కవరు అంచు టపటపా కొట్టుకుంటోంది. ఒక్క చినుకు పడితే చాలు, ముద్ర సిరా చెదిరిపోతుంది.

చెప్పుల్లో కాళ్ళు పెట్టాను.

"నువ్వు దాన్ని ముట్టుకుంటే నా మీద ఒట్టే. నా మీదే కాదు..." ఆవిడ నా కడుపు వంక చూసి ఆగిపోయారు.

"పోనీ మీరే తెచ్చివ్వండి, పట్టకారుతోనే."

"చచ్చినా గడప దాటనివ్వను."

"ఇవన్నీ మూఢనమ్మకాలు అత్తయ్యా! అది పరాయివాళ్ళ సొత్తు, ఎరువు తెచ్చిన సొత్తు!" అని అరిచాను. అరిచాను గానీ అడుగు పడలేదు. నాకే సిగ్గేసింది. నమ్మకం లేదంటున్న మనిషిని, రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాను. మా ఆయన సికింద్రాబాద్ వెళ్ళారు, ఓనర్లు పెళ్ళికి వెళ్ళారు. పిలవడానికి మనిషి లేడు. ఇద్దరం మబ్బుని చూస్తూ నిలబడ్డాం.

మొదటి చినుకు బండ మీద రూపాయంత మచ్చ చేసింది. అప్పుడే సార్ స్కూటరు మలుపు తిరిగింది.

ఆయన ముందు చూసింది కవర్నే. స్కూటరు స్టాండు కూడా సరిగ్గా వేయకుండా దిగి, రాయి తీసి, కవరు చొక్కాకి అదుముకుని గొడుగు విప్పారు. "ఏందిది? గిట్ల బయట వెట్టిన్రేంది? వాన కనవడ్తలేదా?" అని గేటు తోశారు.

"లోపలికి తేవద్దండీ!" అత్తయ్య చేతులు అడ్డం పెట్టారు. "దండం పెడతాను, తేవద్దు."

ఆయన అక్కడే ఆగిపోయారు. గొడుగు మీద వాన మొదలైంది. నేను గబగబా చెప్పేశాను, కిందటేడాది సంగతితో సహా. చెబుతూ ఏడ్చేశాను. ఆయన తిడతారని ఎదురుచూశాను. ఆయన కవరు ఎత్తి మొదటిసారి చూస్తున్నట్టు అంచులు చూశారు.

"పోయిందెవరండీ?" అని అడిగారు అత్తయ్య.

"ఏమో తెల్వదమ్మా. నా కాడికొచ్చినప్పటికే ఖాళీది." ఆయన అత్తయ్య మొహం చూశారు. తర్వాత జేబులోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకుని, ఖాళీ కవరు మూత ఎత్తి లోపలికి చూస్తూ మెల్లగా చదవడం మొదలుపెట్టారు.

"ముసలాయన. మస్తు ఏండ్లు బతికిండు. మనుమలను సూసిండు, మునిమనుమలను సూసిండు. బువ్వ తిని పండుకున్నడు, మల్ల లేవలే. ఏ తిప్పలు వడలే."

అత్తయ్య పెదాలు కదిలాయి. "పిల్లలెవరూ కాదు కదండీ?"

"కాదమ్మా. పిల్లలెవ్వరు కారు."

ఆవిడ కళ్ళు మూసుకుని పెద్దగా ఊపిరి వదిలారు. తర్వాత, అది ప్రపంచంలోకెల్లా మామూలు మాటన్నట్టు, "చదివేశారుగా. ఇక చింపేయండి," అన్నారు.

"అత్తయ్యా!" అన్నాను.

సార్ నావైపు చూడలేదు. కవరు మీద బొటనవేలు ఆనిస్తే ఒప్పుకోని మనిషి. సోమవారం పెట్టాల్సిన కవరు. బిళ్ళకి దూరంగా ఎడం వైపు పైమూలని రెండు వేళ్ళ మధ్య పట్టుకున్నారు. చిరిగిన చప్పుడు వానలోనూ వినపడింది. నల్లటి ముక్క బండ మీద పడి, నీళ్ళతో పాటు రోడ్డు మీదకి జారిపోయింది.

"ఇగ ఫికర్ వెట్టుకోకున్రి," అని మిగిలిన కవరు ప్లాస్టిక్ సంచిలో పెట్టుకున్నారు. అత్తయ్య తలస్నానం చేసొచ్చి ఆయనకి కాఫీ ఇచ్చారు. ఆయన కాఫీ తాగి, బిళ్ళ మీది చుక్క సంగతి ఒక్కమాటైనా అడగకుండా వెళ్ళిపోయారు.

నాకు పాప క్షేమంగా పుట్టింది. దానికీ కవరుకీ సంబంధం లేదని ఇప్పటికీ అంటాను. కానీ ఆ సాయంత్రం నుంచి మా ఇంట్లో ఇద్దరాడవాళ్ళు కడుపునిండా అన్నం తిన్నారన్నది మాత్రం నిజం.

సోమవారం ఎగ్జిబిషన్‌కి నాతో అత్తయ్య కూడా వచ్చారు. న్యాయనిర్ణేత ఒకాయన సార్ కవరు మీదకి భూతద్దంతో వంగి, చాలాసేపు చుక్కని మెచ్చుకుని, మూల దగ్గరికొచ్చి ఆగారు. "అయ్యో, ఇంత మంచి కవరు, ఈ మూల ఎట్లా పోయింది?"

సార్ చేతులు వెనక్కి కట్టుకున్నారు. "చావు ఉత్తరం సార్," అన్నారు. "సదివినంక చింపాలె గద."

న్యాయనిర్ణేత తల అడ్డంగా ఊపి మార్కుల కాగితం మీద ఏదో రాసుకుని ముందుకెళ్ళారు. అత్తయ్య నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.